సత్రువు

చిత్తూరు బెల్లం మండీ గోడ మీదికి
జపానోడు ఎక్కింది ఒక గురువారం.
ఆ పొద్దుటి దాకా జపానంటే మాకు
మద్రాసు నుంచి మూటలతో దిగిన జనం
గొంతు తగ్గించి చెప్పే పేరొక్కటే.
ముఖం లేదు.

కలెక్టరాఫీసు గుమాస్తా ఇచ్చిన నమూనా కాయితం
నీవా దాటేటప్పుడు నీళ్ళలో పడింది.
కండ్లద్దాలు మిగిలినాయి, టోపీ మిగిలింది,
కత్తి పట్టిన చెయ్యి సగం మిగిలింది.
మూతి దగ్గర మాత్రం ఇంకు చెదిరి
ఉత్త మబ్బు.

"పళ్ళు పెద్దవిగా ఉండాలంట"
అన్నాడు మా నాయన
గుమాస్తా మాటను బీడీతో పాటు నములుతా.

నాయన పేరు వజ్రవేలు.
బండి పలకలకు తామరపూలు,
సోడా అంగడికి సీసాలు,
నాటకాలోళ్ళకు ఒక అడివి తెర, ఒక కాటి తెర,
అన్నీ చూసి గీసినవే.
చూడంది గీయడం రాదు ఆయనకు.
కింద నేను తుమ్మబంకలో పసుపురంగు కలుపుతా ఉంటే
నిచ్చెన మీద చాలాసేపు ఊరికే కూచోని
ఒక్క ఊపున వేసేసినాడు పళ్ళు.

ఎవరివో నాకు తెలీదు.
ఆయనకూ తెలీదనే అన్నాడు, చచ్చేదాకా.
చేతికి తెలుసునేమో.

కూలి రెండు రూపాయలు, ఒక కిరసనాయిలు చీటీ.
బొమ్మ కింద అక్షరాలు:
సత్రువు మాటలు నమ్మకండి.

సాయంత్రానికి మండీ అంతా గోడ కిందే.
పిల్లకాయలు పేడ విసిరినారు.
తక్కెడ పట్టే మనిషి గురి చూసి ఉమ్మినాడు.
తడి బంకకు ఈగలు ముసిరినాయి
జపానోడి చిగుళ్ళ మీద.
నిజం చెప్పాల, భయం పోయింది.
సైరన్ల కతలు విని పది రాత్రులు నిద్ర లేని మా యమ్మ
కొంగు అడ్డం పెట్టుకోని నవ్వింది.
అంత పని చేసే బొమ్మ అది.

అప్పుడొచ్చినాడు ఆదిమూలం అయివారు.
గొడుగు మడిచి, కండ్లద్దాలు తుడుచుకోని
బొమ్మను చూడలేదు, అక్షరాలు చూసినాడు.
"వజ్రవేలూ, నేను నేర్పిందేనా ఇది?
సత్రువు కాదురా, శత్రువు.
తాలవ్యం. నాలిక అంగిలికి తగలాల"
అని గోడ పక్కనే నిలబడి
నోరు బాగా తెరిచి చూపించినాడు:
శ.

గోడ మీద ఒక నోరు.
గోడ పక్కన ఒక నోరు.
అవే కండ్లద్దాలు.

నాయన కుంచె గాల్లో ఆగింది.
తక్కెళ్ళు ఆగినాయి.
ఎవరూ నవ్వలేదు ఇంకా.

మొదట నవ్వింది నేను.
తొమ్మిదేండ్లు నాకు, చేతిలో పసుపురంగు డబ్బా.
"ఎవరో నవ్వినారు" అనే
ఇన్నేండ్లూ చెప్తా వచ్చినా.

యుద్ధం అయిపోయింది.
గోడకు సున్నం కొట్టి బెల్లం ధరలు రాసినారు.
అయివారితో మాత్రం ఎవరూ సంధి చేసుకోలేదు.
జపాను అయివారు.
నీళ్ళకు పోతే ఆయన పెండ్లాం జపానామె.
పోస్టు జవాను కూడా కేకేసేది
జపానోళ్ళ ఇల్లనే.
ఒక రాత్రి నాయన అచ్చు బెల్లం తీసుకోనిపోయి
వాళ్ళ అరుగు మీద పెట్టి, తలుపు తట్టకుండా వచ్చేసినాడు.
పొద్దున చీమలు పట్టి అట్లే ఉండింది.

అరవై రెండులో చైనావోడొచ్చినాడు.
గుమాస్తా మారినాడు, గోడ మారింది.
నాయన పాత పళ్ళే వేసినాడు.
అయివారు అప్పటికి లేడు.

గోడ కింద నిలబడిన మర్నాటి నుంచి ఆయన
తుండుగుడ్డ మూతికి అడ్డం పెట్టుకోనే పాఠం చెప్పినాడు.
ఎత్తుపల్లాలు, హెచ్చవేతలు, ప్రార్థన పద్యం,
అన్నీ గుడ్డలోంచే.
నాలిక ఎక్కడ తగులుతుందో మాకు కనపడలేదు.
ఆ ఏడు మూడో తరగతి చదివినోళ్ళం
ముప్పై మందిమి.
ఈ పొద్దుకూ ఆ అక్షరం దగ్గర
నా నాలిక తడుముకుంటాది, దోవ దొరకదు.
సత్రువు అనే అంటా.